విలీనం ప్రకటన వచ్చిందా? కంపెనీ కాగితం చదివి మన లెక్క మనం చూసుకోవడం ఎలా

రెండు మూడు నెలలకోసారి ఇదే ప్రశ్న. "ఫలానా కంపెనీని ఫలానావాళ్లు కొంటున్నారట. నా దగ్గర షేర్లున్నాయి. ఉంచుకోనా, అమ్మెయ్యనా?" చెన్నైలో ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని మావాళ్ల నమ్మకం. ఆదివారం పొద్దున పానగల్ పార్కుకు నడకకు వెళ్తే మా బాబాయి ఫోను పట్టుకుని బెంచీ మీద సిద్ధంగా ఉంటాడు.

ఉంచాలో అమ్మాలో నేను చెప్పను. అలా సలహాలు చెప్పే లైసెన్సూ నాకు లేదు. కానీ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపిన కాగితం ఒక్కసారి శ్రద్ధగా చదివితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. ఆ కాగితం చదవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. చదివినంతసేపూ ఒక్క ప్రశ్న పట్టుకుని ఉండండి: ఈ డీల్‌లో డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోంది?

కావలసినవి

బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ వెబ్‌సైటు, కాగితం, పెన్సిలు, క్యాలిక్యులేటర్. మీ షేర్లు ఎన్ని, ఎప్పుడు, ఎంతకు కొన్నారో చెప్పే లెక్క. కంపెనీ వార్షిక నివేదిక. ఒక గంట తీరిక. ఫోను కన్నా కంప్యూటరు మేలు. చాలా కంపెనీలు స్కాన్ చేసిన పేజీలు పెడతాయి, ఫోనులో ఆ అక్షరాలు చదవలేక కళ్లు పోతాయి.

1. అసలు కాగితం తెరవండి

వాట్సాప్‌లో వచ్చినది, టీవీ కింద స్క్రోలింగ్‌లో పోయినది అసలు కాగితం కాదు. ఎక్స్ఛేంజీ సైటులో కంపెనీ పేరు కొట్టి, కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్‌లోకి వెళ్లండి. రెండు కంపెనీలూ లిస్టయినవైతే రెండింటివీ తెరవండి. ఒకరు చెప్పని ముక్క రెండోవాళ్లు చెప్పడం మామూలే.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఇలాంటి నిర్ణయం తీసుకున్న బోర్డు మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లో కంపెనీ చెప్పెయ్యాలి. మార్కెట్ మూశాక మీటింగ్ ముగిస్తే 3 గంటల దాకా టైముంది. అందుకే కాగితం మీద మీటింగ్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసిందో కూడా రాసి ఉంటుంది. వార్త వచ్చి పూట గడిచినా ఫైలింగ్ కనబడకపోతే అది ఇంకా పుకారే అనుకోండి. పెద్ద కంపెనీలైతే పుకారు వల్ల షేరు ధర బాగా కదిలినప్పుడు 24 గంటల్లో అవుననో కాదనో చెప్పాలి. 2024 జూన్ 1 నుంచి మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలకు, అదే ఏడాది డిసెంబర్ 1 నుంచి మొదటి 250 కంపెనీలకు ఈ రూలు వర్తిస్తోంది.

సాధారణంగా మూడు అటాచ్‌మెంట్లు ఉంటాయి: ఉత్తరంతో కలిసి ఒక అనుబంధం, ప్రెస్ రిలీజ్, ప్రెజెంటేషన్. అందరూ రంగురంగుల ప్రెజెంటేషన్‌తో మొదలుపెడతారు. మీరు దాన్ని ఆఖరికి ఉంచండి. ముందు చదవాల్సింది ఆ అనుబంధం. అది సెబీ ఇచ్చిన నమూనాలో ప్రశ్న, జవాబుగా ఉంటుంది కాబట్టి మాటలతో మాయ చేయడానికి చోటు తక్కువ.

2. ఇది ఏ రకం డీలో తేల్చండి

పేపర్లో అన్నీ "విలీనమే". కాగితంలో మాత్రం వేరువేరు. కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్ల పేరు కనబడితే అది చాలావరకు అసలు విలీనం: ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) దాకా పోవాలి, వాటాదారులు ఓటు వేయాలి, ఒక కంపెనీ పేరు చివరికి మాయమవుతుంది. షేర్ పర్చేజ్ అగ్రిమెంట్ అని ఉంటే ఒకరి వాటా మరొకరు కొంటున్నారు, కంపెనీ అలాగే ఉంటుంది. స్లంప్ సేల్ అంటే వ్యాపారాన్ని ఉన్నదున్నట్టుగా మూటకట్టి అమ్మడం. ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్ అంటే కంపెనీ కొత్త షేర్లు సృష్టించి ఇస్తుంది. అప్పుడు డబ్బు కంపెనీకే వస్తుంది, మీ వాటా శాతం మాత్రం కాస్త పలచబడుతుంది.

జాగ్రత్త: "టర్మ్ షీట్", "ఎంఓయూ", "నాన్ బైండింగ్" అన్న మాటలుంటే అది పెళ్లిచూపులు మాత్రమే. "డెఫినిటివ్ అగ్రిమెంట్" అంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టు. తాంబూలాలు అయ్యాక ఆగిపోయిన పెళ్లి సంగతి 6వ మెట్టులో చెప్తాను.

3. డబ్బు ఎవరికి పోతోందో గీసి చూడండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, కాబట్టి మా ఊరి కథతోనే చెప్తాను.

శాంథోమ్ హైరోడ్డులో కోరమాండల్ టవర్స్ ఉందే, అది ఇండియా సిమెంట్స్ ఆఫీసు. 1998లో బి.వి.రాజు గారి రాశి సిమెంట్‌ను చేజిక్కించుకున్న కంపెనీ ఇదే, మనవాళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2024 జూన్ 27న మరో సిమెంట్ కంపెనీ అల్ట్రాటెక్ ఈ కంపెనీలో సుమారు 23 శాతం వాటా, షేరుకు 267 రూపాయల వరకు పెట్టి కొంటున్నట్టు ప్రకటించింది. అది నియంత్రణ కోసం కాదని, ఆర్థిక పెట్టుబడి మాత్రమేనని రాసింది. నెల తిరగ్గానే, జూలై 28 ఆదివారం నాడు, ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు), వాళ్ల సంబంధీకుల నుంచి మరో 32.72 శాతం, షేరు 390 రూపాయల చొప్పున, 3,954 కోట్లకు కొంటున్నట్టు చెప్పింది.

మొదటిసారి 23 దగ్గర ఎందుకు ఆగింది? టేకోవర్ నిబంధనల్లో గీత 25 శాతం దగ్గర ఉంది. దాన్ని తాకినా దాటినా మిగతా వాటాదారుల నుంచి కనీసం మరో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. రెండోసారి గీత దాటింది కాబట్టి అదే 390 రూపాయలకు 26 శాతానికి ఓపెన్ ఆఫర్ వచ్చింది. శాతాలు చూసేటప్పుడు ఈ 25ను కళ్ల ముందు పెట్టుకోండి. 24.9 అని కనబడితే అది కాకతాళీయం కాదు.

ఇప్పుడు బాణం గుర్తులు గీయండి. ఆ 3,954 కోట్లు అమ్మినవాళ్లకు పోయాయి. అందులో ఒక్క రూపాయి కూడా ఇండియా సిమెంట్స్ ఖాతాలోకి రాదు. "కంపెనీకి నాలుగు వేల కోట్లు వస్తున్నాయి, ఇక అప్పులు తీరిపోతాయి" అని ఆ వారం బాబాయి బెంచీ మీద పంచిపెట్టిన సంతోషం ఈ ఒక్క బాణంతో సగమైపోయింది. చిన్న వాటాదారుకు దక్కేది ఓపెన్ ఆఫర్, అదీ మొత్తం షేర్లకు కాదు. డీల్ అయ్యాక అల్ట్రాటెక్ చేతిలో 55.49 శాతం, బయట మిగిలేది 44.51 అన్నది అప్పటి లెక్క. అందరూ షేర్లు ఇచ్చేస్తే వాళ్లు తీసుకునేది 26 మాత్రమే. 26ను 44.51తో భాగిస్తే 0.58. అంటే 100 షేర్లిస్తే, మరీ రద్దీగా ఉన్న రోజున, 58 తీసుకుని 42 వెనక్కి పంపుతారు. మిగతావాళ్లెవరూ ఇవ్వకపోతే మీ 100 మొత్తం తీసుకుంటారు. అసలు అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. 390ని మీ షేర్లన్నిటితో గుణించి సంతోషపడకండి.

ఓపెన్ ఆఫర్‌లో షేర్లు ఇవ్వడానికి 10 పనిదినాలు ఉంటాయి. ఆఖరి రోజు దాకా ఆగకండి, ఆ రోజే బ్రోకర్ యాప్ మొరాయిస్తుంది.

4. స్వాప్ రేషియోను తిరగేయకుండా లెక్కించండి

విలీనంలో నగదు బదులు షేర్లిస్తారు. ఎన్నింటికి ఎన్ని అన్నదే రేషియో. ఇది చదవడంలో జరిగే తప్పు ఒకటే: తలకిందులుగా పట్టుకోవడం.

2022 మే 6న బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీ మైండ్‌ట్రీని ఎల్‌టీఐలో (ఎల్ అండ్ టీ ఇన్ఫోటెక్) కలుపుతున్నట్టు ప్రకటించారు. 100 మైండ్‌ట్రీ షేర్లకు 73 ఎల్‌టీఐ షేర్లు. ఆ మాట విని బాబాయి "నా 40 షేర్లకు 54 వస్తాయి" అన్నాడు. "తిరగేశావు బాబాయ్, 40ని 0.73తో గుణించు." పార్కులోనే నేల మీద పుల్లతో రాస్తే 29.2 వచ్చింది. 29 షేర్లు డీమ్యాట్‌లోకి (షేర్లు ఎలక్ట్రానిక్‌గా ఉండే ఖాతా), మిగిలిన 0.2కి నగదు. ఇలాంటి ముక్కలన్నీ పోగుచేసి ఒక ట్రస్టీ మార్కెట్‌లో అమ్మి ఎవరి వంతు వాళ్లకు పంచడం మామూలు పద్ధతి. బాబాయి మొహం చిన్నబోయింది. కానీ షేర్ల సంఖ్య తగ్గితే నష్టమని కాదు, వచ్చే షేరు ధర ఎంతో చూడాలి.

రేషియో రాసే తీరు కంపెనీకోలా ఉంటుంది. చెన్నైలోనే శ్రీరామ్ సిటీ యూనియన్ వాటాదారులకు ఒక్కో షేరుకు 1.55 శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ షేర్లు అన్నారు. ఈక్విటాస్ హోల్డింగ్స్ వాళ్లకు 100కు 231 ఈక్విటాస్ బ్యాంక్ షేర్లు. హెచ్‌డీఎఫ్‌సీలో 25కు 42. ఏ తీరులో రాసినా "నా ఒక్క షేరుకు ఎంత" అన్న రూపంలోకి మార్చుకోండి: 0.73, 1.55, 2.31, 1.68. అక్కడి నుంచి గుణకారమే.

తర్వాత ధరతో సరిచూడండి. ఊరికే లెక్క కోసం: కొనే కంపెనీ షేరు 1,000 రూపాయలు, రేషియో 10కి 3 అనుకుందాం. మీ షేరు విలువ 300 కావాలి. మార్కెట్‌లో 285కే దొరుకుతుంటే ఆ 15 రూపాయల తేడా "ఆలస్యం కావచ్చు, అసలు జరక్కపోవచ్చు" అన్న అనుమానానికి మార్కెట్ కట్టిన ధర. తేడా చిన్నదైతే మార్కెట్‌కు నమ్మకం ఉన్నట్టు. పెద్దదైతే కాగితంలో షరతులు మళ్లీ చదవండి, మీరేదో వదిలేశారు.

5. ఎంతకు, దేనికి కొంటున్నారో చూడండి

మీ కంపెనీయే ఇంకొకదాన్ని కొంటుంటే ఈ మెట్టు ముఖ్యం. అనుబంధంలో కొనబోయే కంపెనీ గత మూడేళ్ల టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) ఉంటుంది. గమనించండి, నమూనా అడిగేది టర్నోవర్, లాభం కాదు. లాభం బాగుంటే కంపెనీ తనంతట తనే రాసుకుంటుంది. రాయలేదంటే కాస్త ఆగి ఆలోచించాలి. 100 రూపాయల రుసుము కడితే కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో ఆ కంపెనీ దాఖలు చేసిన లెక్కలు చూడొచ్చు. విదేశీ కంపెనీ అయితే ఆ దారి లేదు, కంపెనీ ఇన్వెస్టర్లతో ఫోనులో మాట్లాడే ఇన్వెస్టర్ కాల్‌లో ఎవరైనా అడిగారేమో చూడండి.

ధర చదివేటప్పుడు "వరకు" అన్న మాట ఎక్కడుందో వెతకండి. 2024 జనవరిలో ఇన్ఫోసిస్ బెంగళూరులోని ఇన్‌సెమీని కొంటున్నట్టు చెప్పినప్పుడు రాసిన ధర 280 కోట్ల వరకు. అందులో ముందుముందు పనితీరును బట్టి ఇచ్చేది, అక్కడి మేనేజ్‌మెంట్‌కు ప్రోత్సాహకాలు, ఉద్యోగులు వెళ్లిపోకుండా ఇచ్చే బోనస్‌లు కూడా కలిసి ఉన్నాయని కాగితంలోనే ఉంది. వార్తల్లో మాత్రం "280 కోట్లకు కొనేసింది".

మరొకటి, అప్పుతో కలిపి చెప్పిన విలువా, షేర్లకు ఇచ్చే ధర మాత్రమేనా? ఇల్లు కోటికి కొన్నామని చెప్పి, దాని మీద 40 లక్షల బ్యాంకు లోన్ మనమే కట్టుకోవాలన్న మాట దాచిపెడితే ఎలా ఉంటుంది? ఎంటర్‌ప్రైజ్ వాల్యూ అని ఉంటే అప్పు కలిసి ఉన్నట్టు, ఈక్విటీ వాల్యూ అంటే అప్పు వేరే ఉన్నట్టు.

ఇక అతి ముఖ్యమైన వరస: ఇది సంబంధిత పక్షాల లావాదేవీయా, అంటే కంపెనీ తన ప్రమోటర్లతోనో వాళ్ల మనుషులతోనో చేసుకునే డీలా? అవును లేదా కాదు అని ఉంటుంది. అవును అని ఉంటే కుర్చీ దగ్గరికి లాక్కుని చదవండి. తెలుగువాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. అవి సత్యం ప్రమోటర్ల కుటుంబానివే. ఇంగ్లిష్ అక్షరాల్లో సత్యంను తిరగేస్తే మేటాస్. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న అసలు గుట్టు రట్టయింది. ఆ ప్రకటనలో ఎవరి డబ్బు ఎవరికి పోతోందన్న ఒక్క బాణం గీసినవాళ్లకు విషయం ఆ రాత్రే అర్థమైంది.

6. షరతులు, తేదీలు రాసుకోండి

ఏయే అనుమతులు కావాలో వరసగా రాయండి: సీసీఐ (వ్యాపారాల మధ్య పోటీని చూసే కమిషన్), ఎక్స్ఛేంజీలు, ఎన్‌సీఎల్‌టీ, బ్యాంకు అయితే రిజర్వ్ బ్యాంక్, వాటాదారుల ఓటు. ఒక్కోటీ వచ్చినప్పుడల్లా టిక్కు పెట్టండి. ప్రతిదానికీ విడిగా ఫైలింగ్ వస్తుంది.

అన్నిటికీ టిక్కు పడ్డా డీల్ జరుగుతుందని లేదు. టీవీ కంపెనీలు జీ, సోనీల విలీన ఒప్పందం 2021 డిసెంబర్‌లో ఖరారైంది, 2023 ఆగస్టులో ఎన్‌సీఎల్‌టీ కూడా ఒప్పుకుంది. అయినా 2024 జనవరి 22న సోనీ వద్దని వెళ్లిపోయింది. ఫలానా తేదీలోగా ముగియకపోతే ఎవరైనా తప్పుకోవచ్చన్న గడువు ఇలాంటి ఒప్పందాల్లో ఉంటుంది. కాగితంలో ఆ గడువు చెబితే ఎర్ర పెన్నుతో రాసుకోండి.

మూడు తేదీలను కలగలపకండి. అపాయింటెడ్ డేట్ లెక్కల పుస్తకాల కోసం. ఎఫెక్టివ్ డేట్ అంటే విలీనం అమల్లోకి వచ్చే రోజు. మీకు పనికొచ్చేది రికార్డ్ డేట్: ఆ రోజు మీ డీమ్యాట్‌లో ఉన్న షేర్లకే కొత్తవి వస్తాయి. హెచ్‌డీఎఫ్‌సీ విలీనం 2022 ఏప్రిల్ 4న ప్రకటించారు, 2023 జూలై 1న అమల్లోకి వచ్చింది, రికార్డ్ డేట్ జూలై 13. ప్రకటనకూ కొత్త షేర్లకూ మధ్య పదిహేను నెలలు. రేపే వస్తాయనుకుని అప్పు చేసి కొనేవాళ్లున్నారు, అందుకే చెప్తున్నాను.

7. సరిగ్గా చదివామో లేదో చూసుకోండి

నేను చేసే పరీక్ష ఇది. కాగితంలోని అంకెలు వాటిలో వాటికి సరిపోతున్నాయా? ఇండియా సిమెంట్స్ మొత్తం షేర్లు దాదాపు 30.99 కోట్లు. అందులో 32.72 శాతం అంటే 10.14 కోట్లు. 390తో గుణిస్తే 3,954 కోట్లు. సరిపోయింది. మీ గుణకారానికీ వాళ్ల మొత్తానికీ పెద్ద తేడా వస్తే శాతం తప్పు పట్టుకున్నారు, లేదా ధరలో ఇంకేదో కలిసి ఉంది.

రెండో పరీక్ష ఇంట్లోనే. షేర్ల గురించి ఏమీ తెలియని మనిషికి నాలుగు వాక్యాల్లో చెప్పండి: ఎవరు కొంటున్నారు, డబ్బు ఎవరికి, నాకేం వస్తుంది, ఎప్పుడు. నాలుగోదాని దగ్గర నీళ్లు నమిలితే 6వ మెట్టుకు వెనక్కి వెళ్లండి. పదేళ్ల కిందట నేనే ఒక చిన్న కంపెనీ విషయంలో మూడో వాక్యం చెప్పలేకపోయాను, అయినా షేర్లు కొన్నాను. ఓపెన్ ఆఫర్ వస్తుందనుకున్నాను. కొన్నది 24 శాతమే, ఆఫర్ లేదు, ఏమీ లేదు. అప్పటినుంచే ఆ 25 మీద నాకంత పట్టింపు.

తర్వాత ఎదురయ్యే చిన్న చిక్కులు

రికార్డ్ డేట్ తర్వాత పాత షేర్లు డీమ్యాట్‌లో కనబడవు, కొత్తవి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఆ మధ్యలో రాత్రి పదింటికి "షేర్లు మాయమయ్యాయి" అని ఫోన్లు వస్తాయి. టెన్షన్ పడకండి, రెండు వారాలు దాటితేనే బ్రోకర్‌ను అడగండి.

కొత్త షేర్లు వచ్చాక యాప్‌లో కొన్న ధర సున్నా అనో, ఇంకేదో తప్పుగానో కనబడవచ్చు. భారతీయ కంపెనీల విలీనంలో పన్ను లెక్కకు మీరు పాత షేర్లకు పెట్టిన మొత్తమే కొత్తవాటి కొనుగోలు ఖర్చు, పాతవి కొన్న తేదీ నుంచే కాలమూ లెక్క. 40 షేర్లను 50,000కు కొని ఉంటే ఆ మొత్తాన్నే కొత్త షేర్ల మీద పరచాలి. పాత కాంట్రాక్ట్ నోట్ (కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన కాగితం) పారేయకండి. విలీనం కాకుండా మామూలుగా షేర్లకు షేర్లు మార్చుకుంటే మాత్రం అది అమ్మకం కిందికే వస్తుంది, అప్పుడు ఆడిటర్‌ను అడగండి.

ఇంట్లో పెట్టెలో కాగితం సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు రికార్డ్ డేట్ దాకా ఆగకుండా ముందే డీమ్యాట్ చేయించుకోండి. డీమ్యాట్‌కు జోడించిన బ్యాంకు ఖాతా ఇంకా నడుస్తోందో లేదో కూడా చూసుకోండి. బాబాయికి ఆ 0.2 షేరు డబ్బు ఎప్పుడో మూసేసిన మైలాపూరు ఖాతాకు వెళ్లి తిరిగి వచ్చేసింది. మళ్లీ తెప్పించుకోవడానికి వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కు రెండు ఉత్తరాలు, ఒక క్యాన్సిల్డ్ చెక్కు పంపాల్సి వచ్చింది.